ఫిర్యాదును విచారించుట యెట్లు?



హైదరాబాదు నుండి నర్సాపూరు మీదుగా మెదకు పోవు రహదారిపై దుండిగల్లు దాటిన పిమ్మట గుమ్మడిదల వచ్చును. పూర్వము జిన్నారము మండలములో చేరియుండిన ఈ యూరు, 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు తానే ఒక మండల కేంద్రమైనది. మెదకు జిల్లా నుండి విడివడిన సంగారెడ్డి జిల్లాలో చేరినది. వీరభద్రస్వామి వెలసిన బొంతపల్లి, దోమడుగు, అన్నారము, నల్లవల్లి మొదలైనవి ఈ మండలములోనివే. ఒక ప్రక్క వరిమళ్లు, మరియొక ప్రక్క మందుల కర్మాగారములు. తండ్రి నాగలి పట్టినవాడు, కుమారుడు కర్మాగారములో కాంట్రాక్టరు క్రింద పనివాడు, ఇరుగింటివారు ఒడిశా నుండియో బీహారు నుండియో వచ్చినవారు. ఇట్టి మిశ్రజీవనము ఈ ప్రాంతమునకు సహజమైపోయినది.

ఇట్టి చోట బీదకుటుంబమునకు ప్రభుత్వముతో నెలనెలా తప్పక కలుగు సంబంధమేది? అది చౌకధరల దుకాణము. పింఛను అందరికి రాదు. ఇంటిస్థలము జీవితములో ఒకసారి వచ్చిన వచ్చును. బియ్యము మాత్రము నెలనెలా కావలయును. అందుచేత బియ్యము రాలేదన్న ఫిర్యాదు చిన్న ఫిర్యాదు కాదు. ఆ ఫిర్యాదును ఎవరు, ఎట్లు, ఎన్ని దినములలో విచారింపవలెనన్నదే ఈనాటి మా ప్రసంగ విషయము.

మొదట హక్కు ఎంతటిదో తెలిసికొందము. 2013లో పార్లమెంటు జాతీయ ఆహార భద్రతా చట్టమును చేసినది. దాని ప్రకారము సాధారణ కార్డుగల కుటుంబములో మనిషి ఒక్కింటికి నెలకు 5 కిలోల ధాన్యము రావలెను. నిరుపేదలకిచ్చు అంత్యోదయ కార్డుపై కుటుంబమునకు 35 కిలోలు రావలెను. తెలంగాణములో రాష్ట్రప్రభుత్వము తనవంతు కలిపి మనిషికి 6 కిలోలిచ్చుచున్నది. 2025 ఉగాది నాడు హుజూర్‌నగరులో సన్నబియ్యపు పంపిణీ ప్రారంభమైనది. ఇంటిలో 18 ఏండ్లు నిండిన స్త్రీలలో పెద్దయైనామె పేరనే కార్డు ఉండవలెనని కూడ చట్టము చెప్పినది. ఇది దానము కాదు, దయ కాదు. చట్టముచే ఏర్పడిన హక్కు. హక్కు అనిన వెంటనే రెండవ మాట కూడ అనవలసియున్నది. అది భంగమైనప్పుడు చెప్పుకొనుటకు ఒక చోటుండవలెను. చెప్పుకొన్నదానిని విను చెవి యుండవలెను.

చౌకధరల దుకాణముపై వచ్చు ఫిర్యాదులు స్థూలముగా మూడు విధములు. తూకము తక్కువ, దుకాణము తెరవరు, మాట దురుసు అన్నవి మొదటి విధము. వ్రేలిముద్ర పడలేదు, యంత్రము పనిచేయలేదు, సరకు ఆలస్యముగా వచ్చినదన్నవి రెండవ విధము. కార్డే లేకుండ పోయినదన్నది మూడవ విధము. మొదటి రెండింటికి ఎదురుగా ఒక మనిషి యుండును, ఒక కాటా యుండును, ఒక యంత్రముండును. చూచినవారు నలుగురుందురు. మూడవదానికి ముఖము లేదు. దుకాణదారుని అడిగిన “నా చేతిలో ఏమియు లేదు, జాబితాలో మీ పేరు లేదు” అనును. మండల కార్యాలయములో అడిగిన “పైనుండియే తీసివేసినారు” అందురు. ఆ పైనున్నవారెవరో కార్డుదారునకు తెలియదు. విచారణ అన్నమాటకు అసలైన పరీక్ష ఈ మూడవ విధపు ఫిర్యాదులోనే యున్నది.

ఇది ఊహించి చెప్పుచున్నది కాదు. తెలంగాణములో జరిగిన చరిత్ర ఇది. 2014 ఆగస్టు 19వ తేదీన రాష్ట్రమంతట ఒక్కదినముననే సమగ్ర కుటుంబ సర్వే జరిగినది. పాత తెల్లకార్డుల స్థానములో ఆహారభద్రతా కార్డులు వచ్చినవి. తరువాత వివిధ ప్రభుత్వ శాఖల వద్దనున్న వివరములను, అనగా వాహనముల రిజిస్ట్రేషనులు, ఆస్తిపన్నులు, విద్యుత్తు బిల్లులు మొదలైనవానిని కంప్యూటరుచే జతపరచి, ఎవడు బీదవాడో ఎవడు కాడో నిర్ణయించు పద్ధతి వచ్చినది. దానికి ‘సమగ్ర వేదిక’ అని పేరు. 2014 మొదలు 2019 వరకు 18 లక్షల 60 వేలకు పైగా కార్డులు రద్దైనవి. 1 లక్ష 42 వేల క్రొత్త దరఖాస్తులు కూడ త్రోసివేయబడినవి. వీరిలో అనేకులకు ముందుగా నోటీసు లేదు. దుకాణమునకు సంచి పట్టుకొని పోయినప్పుడే తమ పేరు పోయినదని తెలిసినది.

హైదరాబాదుకు చెందిన సామాజిక కార్యకర్త ఎస్. క్యూ. మసూద్ ఈ విషయమును న్యాయస్థానమునకు తీసికొనిపోయినారు. అది హైకోర్టు నుండి సుప్రీంకోర్టు వరకు నడచినది. 2022 ఏప్రిలులో సుప్రీంకోర్టు, రద్దైన దాదాపు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలింపవలెననియు, అర్హులైనవారికి కార్డులు పునరుద్ధరింపవలెననియు ఆదేశించినది. క్షేత్రస్థాయి పరిశీలన యనగా ఏమి? ఉద్యోగి కదలి ఇంటికి పోవుట. యంత్రము వ్రాసినదానిని మనిషి కంటితో సరిచూచుట. ఇంత చిన్న పనికి దేశపు అత్యున్నత న్యాయస్థానము ఆజ్ఞ యీయవలసివచ్చినదన్నదే గమనింపదగిన విషయము.

ఆ తిరుగు పరిశీలన ఫలితమేమి? తరువాత పత్రికలలో వెల్లడియైన ప్రభుత్వపు లెక్కలను బట్టి 4 లక్షల 91 వేల 899 దరఖాస్తులు వచ్చినవి. 2022 జులై నాటికి 2 లక్షల 5 వేల 734 పరిశీలింపబడినవి. వానిలో 15 వేల 471 కుటుంబములు అర్హులని తేలినవి. లెక్కకట్టి చూచిన నూటికి ఏడున్నర. వినుటకు ఇది చిన్న సంఖ్యవలెనే యుండును. నూటికి తొంబది రెండు సరియైనవే కదా, యంత్రము మంచిదే కదా యని కొందరనవచ్చును.

ఆ వాదమును మేము తేలికగా త్రోసివేయము. అనర్హులు కార్డులు పొందిన మాట అబద్ధము కాదు. మేడలున్నవారు, కార్లున్నవారు బీదల బియ్యమును తీసికొని తిరిగి అమ్ముకొన్న ఉదంతములను ఎరుగనివారు లేరు. ప్రజల ధనమును కాపాడవలసిన బాధ్యత ప్రభుత్వమునకు కలదు. కాని రెండు తప్పులను ఒకే త్రాసులో తూచరాదు. ఉన్నవానికి బియ్యము పోయిన ఖజానాకు కొంత నష్టము. లేనివానికి బియ్యము ఆగిన ఇంటిలో పొయ్యి రాజదు. మొదటి తప్పును మరుసటి నెలలో దిద్దుకొనవచ్చును. రెండవ తప్పులో పోయిన నెలలు తిరిగిరావు. పైగా ఆ ఏడున్నర కూడ తిరిగి దరఖాస్తు పెట్టుకొనగలిగినవారిలో లెక్క. కార్డు పోయిన తరువాత ఎవరిని అడుగవలెనో తెలియనివారు, ఊరు విడిచి పోయినవారు, కాలము చేసినవారు ఆ లెక్కలోనికి రారు.

తప్పు ఎట్లు దొర్లును? ఇందులో మాయమంత్రము లేదు. మన పేర్లు చూడుడు. ఒక్క మండలములో ఎందరు ఎల్లయ్యలు, ఎందరు యాదమ్మలు, ఎందరు లక్ష్ములు! ఇంటిపేరును ఒకచోట పొడి అక్షరముగా వ్రాయుదురు, మరియొకచోట పూర్తిగా వ్రాయుదురు, మూడవచోట విడిచివేయుదురు. తెలుగులో ఒక్క తీరున పలుకు పేరు ఇంగ్లీషు అక్షరములలో నాలుగు తీరుల పడును. పుట్టిన తేదీ అడిగిన జనవరి 1 అని వ్రాయించినవారు కోకొల్లలు. ఇట్టి పేర్లను యంత్రము జతపరచినప్పుడు ఒకని కారు మరియొకని ఇంటిముందు నిలుచును. హైదరాబాదులో ఒక రిక్షా కార్మికుని కుటుంబము ఇట్లే కారు గలదని తేలి కార్డు పోగొట్టుకొన్న వృత్తాంతము పత్రికలకెక్కినది. ఆ పేరును పోలిన పేరుగల వేరొకరిది ఆ కారు.

మన పారిశ్రామిక ప్రాంతములో ఈ చిక్కు మరికొన్ని రూపములు దాల్చును. బ్యాంకు అప్పుతో ఒకడు కిరాయికి త్రిప్పుటకు బండి కొన్నాడనుకొనుడు. కిస్తీ కట్టలేక దానిని అమ్మినాడు. కాగితము మాత్రము మారలేదు. యంత్రము దృష్టిలో వాడింకను వాహన యజమానియే. ఇంకొకడు కర్మాగారములో కాంట్రాక్టరు క్రింద ఆరు నెలలు పనిచేసినాడు. భవిష్యనిధి లెక్కలో పేరెక్కినది. పని పోయినను పేరుండిపోవును. అన్నదమ్ములు వేరుపడినను ఇల్లు తండ్రి పేరనే యుండును. విద్యుత్తు మీటరు ఒక్కటే. నాలుగు పొయ్యిల బిల్లు ఒక్క పేరున కనబడి, అది కలవారి ఇల్లని తోచును.

ఆదాయపు హద్దు కూడ ఇట్టిదే. 2014లో తెలంగాణము నిర్ణయించిన హద్దు గ్రామములలో ఏడాదికి లక్షా 50 వేల రూపాయలు, పట్టణములలో 2 లక్షలు. భూమి విషయములో 3 ఎకరముల 20 గుంటల మాగాణి, లేక 7 ఎకరముల 20 గుంటల మెట్ట. లక్షా 50 వేలను పన్నెండు నెలలకు పంచిన నెలకు 12 వేల 500 రూపాయలగును. కర్మాగారములో ఒక నెల అదనపు గంటలు పనిచేసినవాడు ఆ నెలకు హద్దు దాటును, మరు నెల పని లేక హద్దు క్రిందికి దిగును. సంగారెడ్డి జిల్లా వంటి ప్రాంతములలో పల్లెలు పట్టణములగుచున్నవి. పల్లె పట్టణమైన నాడు హద్దు కూడ మారును. నిన్న అనర్హుడైనవాడు నేడు అర్హుడు కావచ్చును. ఏడాది మొత్తమున ఎంత వచ్చినది, ఏ హద్దు వర్తించునన్న ప్రశ్నకు సమాధానము మనిషిని అడిగినగాని తెలియదు.

కావున విచారణ యెట్లుండవలెనన్న ప్రశ్నకు వచ్చెదము. గుమ్మడిదల ప్రాంతములో ఒక వృద్ధురాలు కార్డు పోయినదని అర్జీ పెట్టుకొన్నదని ఊహింతము. విచారించు అధికారి మొదట తెలిసికొనవలసినది ఫిర్యాదు దేనిపైన అన్న సంగతి. అర్జీలో “డీలరు బియ్యమిచ్చుట లేదు” అని యుండవచ్చును. అసలు సంగతి పేరు తొలగింపు కావచ్చును. వ్రాసిపెట్టినవాడు తనకు తోచినట్లు వ్రాసియుండును. కావున కాగితమును చదివి ముగింపక, ఆమెను పిలిచి, “అవ్వా, ఏ నెల నుండి రాలేదు? చివరిసారి ఎంత తెచ్చుకొంటివి?” అని అడుగవలెను. సగము విచారణ ఆ రెండు ప్రశ్నలతోనే ముగియును.

రెండవది, కారణమును బయటపెట్టుట. కార్డు తీసివేయుటకు ఒక కారణముండును గదా! ఆ కారణమును, దానికి ఆధారమైన కాగితమును ఆమెకు చూపవలెను. “నీ కుమారుని పేర ఈ సంఖ్యగల కారున్నది” అని చెప్పిన, “నాకు కుమారుడే లేడయ్యా” అని ఆమె చెప్పగలదు. ఆధారము చూపనిదే ఆమె ఏమి చెప్పగలదు? ఎదుటి పక్షము మాట వినక తీర్పు చెప్పరాదన్నది కోర్టులకు మాత్రమే కాదు, రచ్చబండ మీది పెద్దలకు కూడ తెలిసిన నీతి.

మూడవది, ఇంటికి పోవుట. ఇల్లు చూచిన, వంటపాత్రలు చూచిన, ఇరుగుపొరుగువారిని అడిగిన, నూరు కాగితములు చెప్పని సంగతి తెలియును. పోవునప్పుడు ఫిర్యాదుకు గురియైనవానిని వెంటబెట్టుకొని పోరాదు. డీలరు ఎదుట డీలరుపై చెప్పగల ధైర్యము ఎందరికుండును? మరునాడు ఆ దుకాణమునకే కదా పోవలసియున్నది!

నాలుగవది, లెక్కలు చూచుట. ఇప్పుడు దుకాణములో యంత్రమున్నది. ఎవరు ఏ దినమున ఎన్ని కిలోలు తీసికొన్నదియు అందులో నమోదగును. ఆ పట్టికను తీసికొని ఇంటింట చదివి వినిపించిన, తీసికొననివారి పేర తీసికొన్నట్లు వ్రాతయున్నదేమో తేలిపోవును. గోదాము నుండి దుకాణమునకు వచ్చినదెంత, పంచినదెంత, మిగిలినదెంత అన్న మూడు అంకెలు సరిపోవలెను. సరిపోనిచో ఎక్కడ తేడా వచ్చినదో అక్కడ ఆగవలెను.

డీలరునకు కూడ న్యాయము చేయవలెనని ఇక్కడనే చెప్పుచున్నాము. ప్రతి ఫిర్యాదు నిజము కాదు. యంత్రమునకు సంకేతమందక పంక్తిలో నిలువబడినవారు డీలరును తిట్టుట కలదు. రసాయన కర్మాగారములలో పనిచేసినవారికి, గిన్నెలు తోమి బట్టలు ఉతికి జీవించు స్త్రీలకు, వృద్ధులకు వ్రేళ్లపై గీతలు అరిగిపోవును, ముద్ర పడదు. అది డీలరు తప్పు కాదు. కనుపాపను గుర్తించుట, సెల్‌ఫోనుకు వచ్చు సంఖ్యతో ఇచ్చుట మొదలైన మార్గములు వచ్చినవి. ఆ మార్గమున్నదని చెప్పక త్రిప్పి పంపిన మాత్రము అది దోషమే. విచారణ యనగా దోషిని పట్టుట మాత్రమే కాదు. దోషము ఎక్కడనున్నదో కనిపెట్టుట. అది మనిషిలో ఉండవచ్చును, యంత్రములో ఉండవచ్చును, ఉత్తరువులోనే ఉండవచ్చును.

ఐదవది, వ్రాతపూర్వకమైన సమాధానము. “విచారించి ముగించితిమి” అన్న ఒక్క వాక్యము సమాధానము కాదు. ఏమి అడిగితిరి, ఏమి చూచితిమి, ఏమి తేలినది, ఇక ఏమి చేయుదుము, దీనితో తృప్తి లేనిచో పైన ఎవరికి చెప్పుకొనవలెను అన్న ఐదు సంగతులు అందులో నుండవలెను. అదియు తెలుగులో, చదివి వినిపించిన అర్థమగునట్లు ఉండవలెను.

ఈ పద్ధతి క్రొత్తది కాదు. మన తెలుగునాటనే దీనిని ఆచరించి చూపినారు. 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లిలో జాతీయ గ్రామీణ ఉపాధిహామీ పథకము ప్రారంభమైనది. అది మొదలు ఆంధ్రప్రదేశములో సామాజిక తనిఖీ యను పద్ధతి పాదుకొన్నది. దానికి మూలము రాజస్థానము. అక్కడ మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వారు 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్ కిరానాలో మొదటి ప్రజావిచారణ జరిపి, పంచాయతీ పనుల లెక్కలను బహిరంగముగా చదివి వినిపించినారు. చచ్చినవారి పేర కూలి వ్రాసినవారు, కట్టని గోడకు సున్నము వేసినట్లు వ్రాసినవారు అట్టి సభలలో బయటపడుచువచ్చినారు. ఆ ఉద్యమ ఫలితములలో ఒకటి 2005 నాటి సమాచార హక్కు చట్టము.

ఆంధ్రప్రదేశములో ఆ పద్ధతిని ప్రభుత్వమే చేపట్టినది. కూలి కుటుంబములలో చదువుకొన్న యువతీయువకులకు శిక్షణ యిచ్చి, మస్టరు రోలులను వారి చేతికిచ్చినారు. వారు ఊరూర తిరిగి, ఇంటింట కూర్చుండి, “నీవు ఇన్ని దినములు పనిచేసితివని, ఇంత కూలి అందుకొంటివని ఇందులో ఉన్నది, నిజమేనా?” అని అడిగినారు. గ్రామసభలో చదివినారు. పిమ్మట మండల కేంద్రములో ప్రజావేదిక జరిగెడిది. చెప్పువాడు, చెప్పించుకొనువాడు, అధికారి ఒకే పందిరి క్రింద కూర్చుండెడివారు. అక్షరము రాని స్త్రీ లేచి, “ఈ వ్రేలిముద్ర నాది కాదు” అన్నప్పుడు ఆ మాటకు విలువ కలిగెడిది. దాని లోపమును కూడ దాచరాదు. దుర్వినియోగమైనదని తేలిన సొమ్ములో తిరిగి రాబట్టినది స్వల్పము. కనుగొనుట ఒకరి పని, దిద్దుట ఇంకొకరి పని అయినప్పుడు ఇట్లగును. అయినను కనుగొను విద్య మన చేతికి వచ్చినది. ఆహారభద్రతా చట్టము 28వ విభాగము చౌకదుకాణములకు కూడ సామాజిక తనిఖీ జరుపవలెనని చెప్పుచున్నది.

ఇక విచారించువాడెవరు అన్న ప్రశ్న. అన్నిటికంటె ముఖ్యమైనది ఇది. ప్రతి సోమవారము కలెక్టరు కార్యాలయములో ప్రజావాణి జరుగును. సంగారెడ్డిలో ఒక అర్జీ ఇచ్చితిమనుకొందము. అర్జీపై సంఖ్య పడును. సంబంధిత శాఖకు పోవును. ఆ శాఖ నుండి మండలమునకు దిగును. మండలములో ఏ బల్లమీద తప్పు జరిగినదో తుదకు ఆ బల్లమీదికే చేరును. “మా కార్యాలయములో పొరపాటు జరుగలేదు” అని అక్కడి నుండి సమాధానము పైకి పోవును. అర్జీ ముగిసినట్లు లెక్క. ఇందులో ఎవరిదియు దుర్బుద్ధి లేకపోవచ్చును. కాని తన వ్యాజ్యెమునకు తానే న్యాయాధిపతి కారాదన్న నీతి చెడినది. అర్జీని స్వీకరించుట వేరు, విచారించుట వేరు.

ప్రపంచములో ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. స్వీడను దేశము 1809లోనే ప్రభుత్వోద్యోగులపై ఫిర్యాదులను వినుటకు పార్లమెంటు పక్షమున ఒక స్వతంత్రాధికారిని నియమించుకొన్నది. న్యూజిలాండు 1962లోను, బ్రిటను 1967లోను ఆ మార్గమును త్రొక్కినవి. మన దేశములో 1966 నాటి పరిపాలనా సంస్కరణల సంఘము లోక్‌పాల్, లోకాయుక్తల ఏర్పాటును సూచించినది. ఆంధ్రప్రదేశములో లోకాయుక్త చట్టము 1983లో వచ్చినది. కాని 6 కిలోల బియ్యమునకు రాజధానిలోని లోకాయుక్త దాక పోగలవారెందరు?

అందుచేతనే ఆహారభద్రతా చట్టము జిల్లాకొక ఫిర్యాదు పరిష్కారాధికారి యుండవలెననియు, ఆయన నిర్ణయముతో తృప్తి లేనివారు రాష్ట్ర ఆహార సంఘమునకు అప్పీలు చేసికొనవచ్చుననియు చెప్పినది. జిల్లా అధికారి సూచించిన ఉపశమనమును సరియైన కారణము లేక అమలుచేయని ఉద్యోగికి ఆ సంఘము 5 వేల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. రావలసిన ధాన్యము రాకపోయిన దానికి బదులుగా భత్యము పొందు హక్కు కూడ 8వ విభాగములో నున్నది. ఈ తలుపులు తట్టుటకు ఖర్చు లేదు. తలుపున్నదని తెలియకపోవుటయే పెద్ద అడ్డంకి.

శ్రోతలు చేయగల పనిని కూడ చెప్పవలసియున్నది. రేడియో వినుచున్న మీ ఇండ్లలో చదువుకొన్నవారున్నారు. మీ వాకిలి ఊడ్చు ఆమెకో, మీ పొలములో పనిచేయు వానికో కార్డు పోయిన, నాలుగు మాటలు వ్రాసిపెట్టుడు. కార్డు సంఖ్య, దుకాణపు సంఖ్య, ఏ నెల నుండి రాలేదు, ఎవరిని ఏ తేదీన అడిగితిరి, ఏమని చెప్పినారు, ఇంతే. తిట్లు వ్రాయవద్దు, ఊహలు వ్రాయవద్దు. చూచినదానిని చూచినట్లు, విన్నదానిని విన్నట్లు వ్రాయుడు. ఇచ్చిన అర్జీకి రసీదు తప్పక పుచ్చుకొనుడు. రసీదు లేని అర్జీ గాలికి చెప్పిన మాట. 1967 అను సంఖ్యకు ఫోను చేసి కూడ చెప్పవచ్చును. చెప్పినప్పుడు వారిచ్చు నమోదు సంఖ్యను వ్రాసికొనుడు.

కారణము తెలియనిచో సమాచార హక్కు చట్టము క్రింద అడుగుడు. మన రాష్ట్రములో గ్రామస్థాయి కార్యాలయములో అర్జీకి రుసుము లేదు. మండలస్థాయిలో 5 రూపాయలు. అంతకు పైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ఎక్కడను రుసుము లేదు. 30 దినములలో సమాధానమీయవలెను. “నా కార్డు ఎందుకు రద్దు చేసినారు?” అని మాత్రమే అడిగినచో “అనర్హత” అని ఒక్క మాట రావచ్చును. “నా కార్డు రద్దు చేసిన ఉత్తరువు నకలు, అందుకు ఆధారమైన పరిశీలన నివేదిక నకలు, నాకు పంపిన నోటీసు నకలు ఇండు” అని అడుగుడు. నోటీసు పంపియుండనిచో ఆ సంగతి వారి సమాధానమే చెప్పును. అంతకు మించిన సాక్ష్యమేమి కావలెను?

వలస కార్మికుల మాట కూడ మరువరాదు. 2019 ఆగస్టులో తెలంగాణ, ఆంధ్రప్రదేశములు ఒక జంటగా, గుజరాతు, మహారాష్ట్రలు ఒక జంటగా, ఒక రాష్ట్రపు కార్డుపై ఇంకొక రాష్ట్రములో బియ్యము తీసికొను ఏర్పాటు మొదలైనది. 2021 జూనులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రములు దీనిని జులై ముగియులోగా అమలుచేయవలెనని ఆదేశించినది. కావున పటాన్‌చెరువులో, బొంతపల్లిలో, గడ్డపోతారములో పనిచేయు ఒడిశా కార్మికుడు తన కార్డుపై ఇక్కడ ధాన్యము పొందవచ్చును. అతనికి భాష రాదు, ఊరిలో పలుకుబడి లేదు, మూడు నెలలకు గది మార్చును. అట్టివాని ఫిర్యాదును ఆలకించు దుకాణమో కార్యాలయమో ఉన్నదన్న, ఊరివాని ఫిర్యాదును అది తప్పక ఆలకించును. చివరివానిని ఎట్లు చూచుచున్నారన్నదే కార్యాలయపు గుణమునకు గీటురాయి.

చివరగా ఒక మాట. ఒక్క ఫిర్యాదు నిజమని తేలినప్పుడు ఆ ఒక్కరి కార్డు తిరిగి ఇచ్చి చేతులు దులుపుకొనుట విచారణకు పూర్ణత కాదు. ఒక పేరు తప్పుగా జతపడినదన్న, అదే విధముగా ఇంకెన్ని పేర్లు జతపడినవో వెదుకవలెను. ఒక ఇంటికి నోటీసు పోలేదన్న, ఆ నెలలో తొలగించిన ఏ ఇంటికి పోయినదో చూడవలెను. అడిగినవారికి మాత్రమే దిద్దినచో, అడుగలేనివారు ఆకలితో నుండిపోవుదురు. అడుగలేనివారే అందరికంటె బీదవారు.

లెక్క యంత్రము చేయవచ్చును. తీర్పు మనిషి చెప్పవలెను. చెప్పక ముందు ఎదుటివాని మాట వినవలెను. ఈ మూడు నియమములు పాటించిన, కార్యాలయమునకు వచ్చు ఫిర్యాదు నిందవలె గాక, తన లోపమును తనకు చూపు అద్దమువలె కనబడును. అద్దమును తుడిచి చూచుకొను కార్యాలయములు మన మండలములలో పెరుగుగాక యని కోరుచున్నాము.